ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాత ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఆన్ అవుతుంటే: ఆలస్యం ఎక్కడుందో కనిపెట్టి సరిచేసే పద్ధతి

నిన్నటిదాకా పవర్ బటన్ నొక్కిన పది పదిహేను సెకన్లలో పాస్‌వర్డ్ అడిగిన ల్యాప్‌టాప్, బయోస్ అప్‌డేట్ పూర్తయిన మరునాటి నుంచి నిమిషం దాటినా కంపెనీ లోగో దగ్గరే నిలిచిపోతుంటే, చాలామంది వెంటనే విండోస్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధపడతారు. అది తొందరపాటు. ల్యాప్‌టాప్ ఆన్ కావడం అనే పనిలో రెండు అంచెలు ఉన్నాయి. మొదటి అంచెలో మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్ (బయోస్, యూఈఎఫ్‌ఐ అనే పేర్లు దీనివే) ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను, డిస్కును, కీబోర్డును మేల్కొలిపి పరీక్షిస్తుంది. రెండో అంచెలో డిస్కు మీది ఆపరేటింగ్ సిస్టమ్ పగ్గాలు అందుకుంటుంది. ఆలస్యం మొదటి అంచెలో ఉన్నప్పుడు విండోస్‌ను పదిసార్లు ఫార్మాట్ చేసినా ఒక్క సెకను తగ్గదు. అందుచేత ఏ సెట్టింగునూ ముట్టుకోకముందే ఆలస్యం ఏ అంచెలో ఉందో తేల్చుకోవాలి. ఈ వివరణంతా ముఖ్యంగా విండోస్ 10, 11 వాడే ల్యాప్‌టాప్‌లకు వర్తిస్తుంది. లినక్స్ వాడేవారికి చివర్లో కొన్ని మాటలు చెప్తాను.

ముందుగా రెండు మూడు సార్లు ఆన్ కానివ్వండి

అప్‌డేట్ తర్వాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు కలిగే ఆలస్యం లోపం కాదు. ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య సంకేతాలు ఏ క్షణాన పంపితే తప్పు లేకుండా అందుతాయో ఫర్మ్‌వేర్ పరీక్షించి తెలుసుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. కచేరీకి ముందు తంబుర శ్రుతి చేసుకోవడం లాంటిదన్నమాట. మామూలు రోజుల్లో పాత ఫలితాలను దాచుకుని వాడుకుంటుంది కాబట్టి మనకు తెలియదు. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చినప్పుడు దాచుకున్న ఫలితాలు చెల్లవు కనుక శ్రుతి మళ్లీ మొదలవుతుంది. డీడీఆర్5 ర్యామ్ ఉన్న యంత్రాల్లో, అందులోనూ ర్యామ్ ఎక్కువగా ఉన్నవాటిలో, ఈ పని కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆ సేపంతా తెర నల్లగానే ఉంటుంది, ఫ్యాన్ మాత్రం గట్టిగా తిరుగుతుంటుంది. దీనికితోడు బయోస్ ప్యాకేజీలోనే కీబోర్డు, బ్యాటరీ, ఛార్జింగ్ పనులు చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్ ఫర్మ్‌వేరూ, ఇంటెల్ యంత్రాల్లోనైతే మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఫర్మ్‌వేరూ తరచు కలిసి వస్తాయి. వాటికోసం ల్యాప్‌టాప్ తనంతట తానే రెండు మూడు సార్లు రీస్టార్ట్ కావచ్చు.

ఈ దశలో ఏదో ఇరుక్కుపోయిందనుకుని పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఛార్జర్ పెట్టే ఉంచి అరగంట దాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత మామూలుగా మూడుసార్లు ఆపి, ఆన్ చేసి చూడండి. మూడోసారికి కూడా పాత వేగం రాకపోతేనే ఇది పరిశీలించాల్సిన సమస్య.

ఆలస్యం ఏ అంచెలో ఉందో కొలవడం

విండోస్‌లోనే ఇందుకు చక్కని కొలత ఉంది, తెలిసినవారు మాత్రం తక్కువ. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. అందులో స్టార్టప్ యాప్స్ పేజీకి వెళ్తే కుడివైపు పైమూలన ‘లాస్ట్ బయోస్ టైమ్’ అని, దాని పక్కన కొన్ని సెకన్లు అని కనిపిస్తుంది. పవర్ బటన్ నొక్కాక ఫర్మ్‌వేర్ తన పని ముగించి విండోస్‌కు అప్పగించేదాకా పట్టిన సమయం అది. ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇది సాధారణంగా ఐదు నుంచి ఇరవై సెకన్ల లోపు ఉంటుంది. ముప్పై, నలభై దాటిందంటే ఆలస్యం ఫర్మ్‌వేర్‌ దగ్గరే ఉంది. పది సెకన్లే చూపిస్తున్నా డెస్క్‌టాప్ రావడానికి రెండు నిమిషాలు పడుతోందంటే, అప్‌డేట్ తర్వాతే మొదలైనప్పటికీ, వెతకాల్సింది విండోస్ వైపు. అన్నట్టు, ఆన్ చేయగానే బయోస్ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకున్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మీరు దాన్ని టైపు చేయడానికి తీసుకున్న సమయం కూడా ఈ లెక్కలో కలుస్తుంది. కొన్ని యంత్రాల్లో ఈ అంకె అసలు కనిపించదు. అటువంటప్పుడు ఫోన్‌లోని స్టాప్‌వాచ్ పెట్టుకుని, లోగో కింద చుక్కల చక్రం తిరగడం మొదలయ్యే క్షణాన్ని సరిహద్దుగా తీసుకోండి. చక్రానికి ముందుదంతా ఫర్మ్‌వేర్ సమయం, తర్వాతది విండోస్ సమయం.

కొలిచేటప్పుడు షట్‌డౌన్‌నూ రీస్టార్ట్‌నూ కలిపి చూడకూడదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ కెర్నల్ అనే తన మూలభాగం స్థితిని డిస్కు మీద ఒక ఫైలులో దాచిపెట్టి, మళ్లీ ఆన్ చేసినప్పుడు దాన్నే నేరుగా ర్యామ్‌లోకి తెచ్చుకుంటుంది. రీస్టార్ట్‌లో ఇది జరగదు, అంతా మొదటి నుంచి మొదలవుతుంది. కాబట్టి రీస్టార్ట్‌తో మూడుసార్లు, షట్‌డౌన్ చేసి ఆన్ చేయడంతో మూడుసార్లు కొలిచి, ఆరు అంకెలూ ఒక కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ వేగంగా జరిగి, షట్‌డౌన్ తర్వాత మాత్రమే ఆలస్యమైతే, దాచిన ఆ ఫైలుకూ కొత్త ఫర్మ్‌వేర్‌కూ పొసగడం లేదని అనుమానించాలి. దాని పరిష్కారం తేలికే, కిందికి వస్తుంది.

ఏ సెట్టింగు మార్చకముందు: బిట్‌లాకర్ కీ

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో బిట్‌లాకర్ అనే డిస్కు ఎన్‌క్రిప్షన్, అంటే డిస్కులోని సమాచారానికి తాళం వేసే ఏర్పాటు, మనం అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. దాని తాళం టీపీఎమ్ అనే చిప్‌లో ఉంటుంది. ఫర్మ్‌వేర్ స్థితి మారినట్టు ఆ చిప్‌కు తోస్తే తాళం ఇవ్వడం మానేస్తుంది. అప్పుడు నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. బయోస్‌లో సెక్యూర్ బూట్‌ను (నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే ఆన్ కానిచ్చే రక్షణను) మార్చినా, బయోస్ వెర్షన్‌ను వెనక్కి మళ్లించినా ఇదే జరగవచ్చు. కనుక ముందుగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చూసి, కాగితం మీద రాసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ మీ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. విండోస్ ప్రో ఉన్నవారు కంట్రోల్ ప్యానెల్‌లోని బిట్‌లాకర్ పేజీలో ‘సస్పెండ్ ప్రొటెక్షన్’ నొక్కి పని ముగించుకుని, తర్వాత మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. కీ చేతిలో లేకుండా ఇక ముందుకు వెళ్లవద్దు.

ఆలస్యం ఫర్మ్‌వేర్‌లో ఉంటే

అన్నిటికన్నా సులువైన పరీక్షతో మొదలుపెట్టండి. మౌస్, పెన్‌డ్రైవ్, బయటి హార్డ్‌డిస్క్, యూఎస్‌బీ హబ్, డాకింగ్ స్టేషన్, మెమరీ కార్డు, హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ అన్నీ తీసేసి ఛార్జర్ ఒక్కటే ఉంచి ఆన్ చేయండి. ఫర్మ్‌వేర్ ప్రతి పోర్టునూ పలకరించి, అక్కడ ఉన్న పరికరం బదులిచ్చేదాకా ఎదురుచూస్తుంది. పాత వెర్షన్ పట్టించుకోని హబ్‌ను కొత్త వెర్షన్ పట్టించుకోవడం మొదలుపెట్టి ఉండవచ్చు. ఇలా చేస్తే వేగం తిరిగి వచ్చిందనుకోండి, ఒక్కొక్కటే పెట్టి చూస్తే దోషి దొరుకుతుంది.

దీనితో తేలకపోతే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లాలి. డెల్, ఏసర్, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఆన్ చేయగానే ఎఫ్2 కీ, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్10, లెనోవో థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, ఐడియాప్యాడ్‌లో ఎఫ్2 సాధారణంగా పనిచేస్తాయి. కీ సమయానికి నొక్కడం కుదరకపోతే, విండోస్‌లో షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ ఎంచుకుని, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ద్వారా యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌కు చేరుకోవచ్చు. లోపలికి వెళ్లగానే ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏది మార్చామో మరిచిపోయినప్పుడు ఆ ఫొటోలే దిక్కు.

చూడాల్సిన వాటిలో మొదటిది బూట్ ఆర్డర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఫర్మ్‌వేర్ ఎక్కడెక్కడ ఏ వరుసలో వెతకాలో చెప్పే జాబితా. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కొన్నిసార్లు మన సెట్టింగులను చెరిపేసి ఫ్యాక్టరీ స్థితికి తెస్తుంది. ఆ స్థితిలో నెట్‌వర్క్ బూట్ ఆన్ అయి ఉండటం, జాబితాలో అది పైకి ఎక్కి కూర్చోవడం మామూలే. నా ల్యాప్‌టాప్‌కే ఇలా జరిగింది. లాస్ట్ బయోస్ టైమ్ 11 సెకన్ల నుంచి 74కు పెరిగింది. లోగో మాత్రం ఎప్పటిలాగే నిశ్చలంగా ఉండేది. రెండు రోజులు ర్యామ్‌ను అనుమానించి, చివరికి గదిలో లైటు ఆపి తెరను దగ్గరగా చూస్తే, లోగో మాయమైన తర్వాత పైమూలన సన్నని తెల్ల అక్షరాలతో ‘స్టార్ట్ పీఎక్స్‌ఈ ఓవర్ ఐపీవీ4’ అని ఒక వరుస, అర నిమిషం తర్వాత దాని కింద ఐపీవీ6 అని మరో వరుస వచ్చి చెరిగిపోయాయి. ఆఫీసు నెట్‌వర్క్‌లోని సర్వర్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చుకోవడానికి అది ఇంట్లోని రౌటర్‌ను అడుగుతోంది. రౌటర్ దగ్గర అటువంటిదేమీ లేదు కనుక, విసుగెత్తాక డిస్కు దగ్గరకు వచ్చేది. విండోస్ బూట్ మేనేజర్‌ను జాబితాలో మొదటి స్థానానికి తెచ్చి, నెట్‌వర్క్ బూట్‌ను ఆపేసిన మరుక్షణం సమయం 12 సెకన్లకు దిగింది. మీ తెర మీద పీఎక్స్‌ఈ అన్న మాట కనిపించినా, ‘చెకింగ్ మీడియా’ అని కనిపించినా మిగతావేవీ చూడకుండా ముందు ఈ పని చేయండి.

రెండోది ఫర్మ్‌వేర్ సొంత పరీక్షల స్థాయి. డెల్‌లో ఫాస్ట్‌బూట్ కింద మినిమల్, థరో, ఆటో అనే మూడు ఎంపికలు ఉంటాయి. థరో అని ఉంటే ప్రతిసారీ హార్డ్‌వేర్ మొత్తాన్నీ పరీక్షిస్తుంది. థింక్‌ప్యాడ్‌లలో స్టార్టప్ పేజీలో బూట్ మోడ్ క్విక్ అని ఉండాలి, డయాగ్నస్టిక్స్ అని కాదు. కీ నొక్కడానికి వ్యవధి ఇచ్చేందుకు కొన్ని సెకన్లు కావాలనే ఆగే సెట్టింగు కూడా కొన్ని మోడళ్లలో ఉంటుంది. డెల్‌లో ‘ఎక్స్‌టెండ్ బయోస్ పోస్ట్ టైమ్’, హెచ్‌పీలో స్టార్టప్ డిలే అనే పేర్లతో కనిపిస్తుంది. అది సున్నా దగ్గర ఉందో లేదో చూసుకోండి.

ముట్టుకోకూడని సెట్టింగు కూడా ఒకటి ఉంది. డిస్కు కంట్రోలర్ పేజీలో ఏహెచ్‌సీఐ, రెయిడ్, వీఎమ్‌డీ అనే పేర్లు కనిపిస్తే, వేగం పెరుగుతుందేమోనన్న ఆశతో మార్చవద్దు. విండోస్ ఏ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయిందో ఆ పద్ధతే ఉండాలి. మారిస్తే నీలి తెర వచ్చి విండోస్ అసలు లేవకపోవచ్చు. అప్‌డేట్ తానే దాన్ని మార్చేసి ఉంటే లక్షణం ఆలస్యంగా కాక ఆ నీలి తెరగానే కనిపిస్తుంది. అప్పుడు పాత విలువకు తెస్తే సరిపోతుంది.

బూట్ ఆర్డర్, పరీక్షల స్థాయి రెండూ సవ్యంగానే ఉన్నాయనుకుందాం. ఇక ఎంబెడెడ్ కంట్రోలర్‌ను ఒకసారి పూర్తిగా నిద్రలేపాలి. ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేసి, బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే దాన్నీ తీసి, పవర్ బటన్‌ను ముప్పై సెకన్ల పాటు నొక్కిపట్టి వదలండి. బ్యాటరీ లోపలే ఉండే మోడళ్లలో ఇదే పనికి కంపెనీని బట్టి పద్ధతి మారుతుంది. చాలా థింక్‌ప్యాడ్‌ల అడుగున సూదిమొనంత రంధ్రం ఉంటుంది, అందులో పేపర్ క్లిప్పు మొనతో మెల్లగా నొక్కాలి. తర్వాత మొదటిసారి ఆన్ కావడానికి మళ్లీ ఆలస్యం కావచ్చు, తేదీ, సమయం తప్పు చూపించవచ్చు. రెండోసారి నుంచి కొలవండి.

అప్పటికీ ప్రతిసారీ తెర నిమిషం పైగా నల్లగానే ఉండిపోతుంటే, మెమరీ ట్రైనింగ్ ప్రతిసారీ మొదటినుంచి జరుగుతోందని అనుమానించవచ్చు. కంపెనీ ఇచ్చిన 8 జీబీకి తోడుగా బయట కొన్న వేరే తయారీదారు ర్యామ్ వేయించుకున్నవారిలో ఈ అవకాశం ఎక్కువ. పాత ఫర్మ్‌వేర్ సర్దుకుపోయిన జోడీకి కొత్తది ఒప్పుకోకపోవచ్చు. అలవాటు ఉన్నవారైతే, లేదా నమ్మకమైన రిపేరు షాపులో, అదనంగా వేసిన ర్యామ్ తీసి ఒకసారి కొలిచి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఆలస్యం విండోస్‌లో ఉంటే

ముందు ఫాస్ట్ స్టార్టప్ సంగతి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమవైపున ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ నొక్కి, పైన ఉన్న ‘చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్’ మీద నొక్కితే కింది పెట్టెలు తెరుచుకుంటాయి. ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ టిక్కు తీసి, సేవ్ చేసి, షట్‌డౌన్ చేసి ఆన్ చేయండి. ఇప్పుడు వేగంగా వస్తే, మళ్లీ టిక్కు పెట్టి మరోసారి షట్‌డౌన్ చేయండి. దాచిన ఫైలు కొత్త ఫర్మ్‌వేర్‌కు తగినట్టు తాజాగా తయారవుతుంది, సాధారణంగా సమస్య అక్కడితో పోతుంది. టిక్కు పెట్టిన ప్రతిసారీ ఆలస్యం తిరిగి వస్తుంటే దాన్ని ఆపేసే ఉంచండి. ఎస్‌ఎస్‌డీ ఉన్నవారికి నష్టం కొద్ది సెకన్లే.

తర్వాత చూడాల్సింది డ్రైవర్లు, అంటే హార్డ్‌వేర్‌ను విండోస్ నడిపించడానికి వాడే చిన్న ప్రోగ్రాములు. బయోస్ మారినప్పుడు దానితో మాట్లాడే చిప్‌సెట్ డ్రైవర్, మేనేజ్‌మెంట్ ఇంజిన్ డ్రైవర్, గ్రాఫిక్స్ డ్రైవర్ పాతవిగా మిగిలిపోతే పొత్తు కుదరక ఆలస్యం వస్తుంది. మీ కంపెనీ సపోర్ట్ పేజీలో మోడల్ సంఖ్య కొట్టి ఆ మూడింటినీ అక్కడి నుంచే తెచ్చుకోండి. డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో అప్‌డేట్ చేస్తామని చెప్పే మూడో పక్షం ప్రోగ్రాముల జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఊహలతో కాక ఆధారంతో నడవాలనుకునేవారికి విండోస్ తానే చిట్టా రాసి పెడుతుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నస్టిక్స్-పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ వరుసలో లోపలికి వెళ్లండి. 100 అనే సంఖ్య ఉన్న నమోదులో ఆ రోజు విండోస్ లేవడానికి పట్టిన సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది. 60,000 అని కనిపిస్తే అరవై సెకన్లన్నమాట. అయితే డెస్క్‌టాప్ వచ్చాక వెనకాల పనులు సద్దుమణిగేదాకా పట్టే సమయం కూడా అందులో కలిసి ఉంటుంది కాబట్టి అంకె చూసి బెదరకండి. అప్‌డేట్‌కు ముందు తేదీల 100 నమోదులతో పోల్చి చూడటమే ముఖ్యం. దానికి దగ్గర్లోనే 101 ఉంటే ఏదో ప్రోగ్రామ్, 102 ఉంటే డ్రైవర్, 103 ఉంటే సర్వీస్ మామూలుకన్నా ఎక్కువ సమయం తీసుకుందని అర్థం. పేరు కూడా అక్కడే ఉంటుంది.

ఇంకొక కారణం ఉంది, దీన్ని చాలామంది పట్టుకోలేరు. ఆన్ కావడమే కాదు, ఆన్ అయ్యాక కూడా మౌస్ కదలిక దగ్గర్నుంచి అంతా నత్తనడకగా ఉంటే, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ స్పీడ్ చూడండి. ఎంత పని చెప్పినా ఒక గిగాహెర్ట్జ్ కూడా దాటకుండా 0.4 దగ్గరో 0.8 దగ్గరో నిలిచిపోతే, ఎంబెడెడ్ కంట్రోలర్ మీ ఛార్జర్‌ను గుర్తుపట్టక ప్రాసెసర్‌కు కళ్లెం వేసి ఉండవచ్చు. కొత్త ఫర్మ్‌వేర్‌లో ఈ గుర్తింపు కఠినమైతే, ఇన్నాళ్లూ పనిచేసిన డూప్లికేట్ ఛార్జర్ ఒక్కసారిగా పరాయిదైపోతుంది. డెల్ మోడళ్లు చాలావాటిలో అడాప్టర్ రకం, వాట్లు బయోస్‌లోనే కనిపిస్తాయి. ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే వేగం పెరుగుతోందా, అదే వాట్ల అసలు ఛార్జర్ పెడితే పెరుగుతోందా అని రెండు విధాలా చూడండి.

లినక్స్ వాడేవారికి

ఉబుంటు, ఫెడోరా వంటివి వాడేవారి పని ఇంకా తేలిక. టెర్మినల్‌లో సిస్టమ్‌డీ-అనలైజ్ (systemd-analyze) అనే ఆదేశం ఇస్తే ఫర్మ్‌వేర్‌కు ఎన్ని సెకన్లు, లోడర్‌కు ఎన్ని, కెర్నల్‌కు ఎన్ని, మిగతా సర్వీసులకు ఎన్ని అని విడివిడిగా ఒకే వరుసలో చూపిస్తుంది. దాని పక్కన బ్లేమ్ (blame) అనే మాట చేరిస్తే ఎక్కువ సమయం తిన్న సర్వీసు పైన వస్తుంది. లోడర్ సమయంలో, ఏ సిస్టమ్‌ను లేపాలో అడిగే గ్రబ్ మెనూ కావాలని ఆగే సెకన్లు కలిసి ఉంటాయని మాత్రం మరవకండి.

పాత వెర్షన్‌కు వెళ్లాలా?

ఇంతా చేసినా లొంగకపోతే, ముందు కంపెనీ సపోర్ట్ పేజీలో ఇంకా కొత్త బయోస్ వచ్చిందేమో చూడండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లలో తప్పులు దొర్లడం కొత్త కాదు. 2018 జనవరిలో ప్రాసెసర్లలోని స్పెక్టర్ అనే భద్రతా లోపానికి మందుగా వచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల సవరణ) వల్ల కొన్ని యంత్రాలు అకారణంగా రీస్టార్ట్ అవుతుండటంతో, దాని పంపిణీ ఆపమని ఇంటెలే కోరాల్సి వచ్చింది. తప్పు అందరికీ ఎదురైతే సవరణ కూడా త్వరగానే వస్తుంది.

వెనక్కి వెళ్లడం మాత్రం ఆఖరి మెట్టు. కొన్ని మోడళ్లు పాత వెర్షన్‌ను అసలు ఒప్పుకోవు. ఒప్పుకున్నా, కొత్త వెర్షన్ పూడ్చిన భద్రతా లోపాలు మళ్లీ తెరుచుకుంటాయి. పైగా సెక్యూర్ బూట్‌కు ఆధారమైన మైక్రోసాఫ్ట్ 2011 నాటి సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ఒక్కొక్కటిగా ముగుస్తున్నందున, వాటి స్థానంలో 2023 సర్టిఫికెట్లను చేర్చే పని కూడా ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌ల ద్వారా జరుగుతోంది. ఇరవై సెకన్ల ఆలస్యం కోసమైతే నేను వెనక్కి వెళ్లను. రెండు నిమిషాలైతే ఆలోచిస్తాను. వెళ్లాలనే నిర్ణయించుకుంటే బిట్‌లాకర్ సస్పెండ్ చేసి, ఫైళ్లు బయటి డిస్కులోకి కాపీ చేసుకుని, బ్యాటరీ సగానికి పైగా ఉంచి ఛార్జర్ పెట్టి, కంపెనీ సైటులోని మీ మోడల్ ఫైలుతోనే చేయండి. కరెంటు పోయి వస్తున్న వేళ ఈ పని పెట్టుకోకండి.

వారంటీ ఉన్న యంత్రాన్ని సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాల్సి వస్తే, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో కనిపించే బయోస్ వెర్షన్, తేదీ, అప్‌డేట్ జరిగిన రోజు, మీరు రాసుకున్న ఆరు కొలతలు, లాస్ట్ బయోస్ టైమ్ చూపించే తెర ఫొటో ఒకే కాగితం మీద పెట్టి ఇవ్వండి. ‘స్లోగా ఉంది’ అని మాత్రమే చెబితే అక్కడ మొదట చేసే పని ఫార్మాట్. ఆలస్యం ఫర్మ్‌వేర్ అంచెలో ఉందని కొలతలు చూపిస్తున్నందున డిస్కును చెరపవద్దని జాబ్ షీటు మీదే రాయించుకుని, రసీదు తీసుకోండి.